సగం గ్రాంటుతో సైన్స్ ల్యాబ్: ఏం కొనాలి, ఏం రాసిపెట్టాలి

ప్రశ్న: ప్రకాశం జిల్లా కొండపి వైపు ఒక జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. బళ్లో 130 మంది పిలకాయలు, పదో తరగతిలో 28 మంది. బడి నడపడానికి ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు మాకు 50 వేలు రావాలి. పోయినేడు సగమే వచ్చింది, అదీ ఫిబ్రవరి నెలాఖర్లో. కరెంటు బిల్లు, చాక్‌పీసులు, ప్రింటింగు, బాత్రూముల సామాను పోను సైన్సుకు 6 వేలు మిగిలాయి. ల్యాబ్‌లో పనికొచ్చే టెస్ట్‌ట్యూబులు 11 ఉన్నాయి. హెడ్మాస్టరు గారు 'ఐఎఫ్‌పీ (తరగతి గదిలోని డిజిటల్ తెర) మీద వీడియోలు చూపించమ్మా, పరీక్షకి అది చాలు' అంటున్నారు. ఊళ్లో చందాలు అడగమని ఇంకొందరు. ఈ ఏడు కూడా 6 వేలే దొరికితే వాటితో ఏం కొనాలి? ఇది మా బడికేనా, అంతటా ఇంతేనా? ఎనిమిదో తరగతిలో చురుకైన అమ్మాయి ఒకతి ఉంది, తనకి ఏదైనా స్కాలర్‌షిప్పు వస్తుందా?

సమాధానం:

టీచరు గారూ, 6 వేలతో పదో తరగతి ప్రయోగాల్లో చాలా భాగం పిల్లల చేత చేయించవచ్చు. అయితే అలా చేయించాక 'మా ల్యాబ్ బాగానే నడుస్తోంది' అని ఎక్కడా రాసివ్వకండి. ఈ రెండూ కలిపి చేయాల్సిన పనులు. ముందు కొనుగోళ్లు చూద్దాం.

రెడీమేడ్ 'సైన్స్ కిట్' జోలికి వెళ్లకండి. పెట్టెలో 80 వస్తువులుంటాయి. ఒక్కొక్కటి ఒక్కటే ఉంటుంది, విరిగితే విడిగా దొరకదు. 28 మందిని నలుగురేసి 7 జట్లు చేయండి. కొనేది ఏదైనా 7 జట్లకు సరిపోతుందా అని చూసుకుని కొనండి. డబ్బులో సగం గాజు సామానుకు, పావు వంతు కరెంటు కొలిచే మీటర్లకు, పావు వంతు రసాయనాలకు పెట్టమని మా సలహా. చాలా బళ్లలో దీనికి తలకిందులుగా చేస్తారు. రసాయనాల సీసాలు అలమరా నిండా ఉంటాయి, పోసుకోవడానికి ట్యూబు ఉండదు.

గాజులో మొదటిది బోరోసిలికేట్ టెస్ట్‌ట్యూబులు, 15 మి.మీ. వెడల్పు, 125 మి.మీ. పొడవు, 50. మామూలు సోడా గాజు ట్యూబులు చవకే, కానీ మంట మీద పెట్టి తడి స్టాండులో గుచ్చగానే అడుగు ఊడిపోతుంది. సగం గ్రాంటు బడికి అవే ఎక్కువ ఖరీదు. తర్వాత హోల్డర్లు 7, స్పిరిట్ దీపాలు 4, 100 మి.లీ. కొలజాడీ ఒకటి, 110 డిగ్రీల దాకా చూపే ఆల్కహాల్ థర్మామీటర్లు రెండు. మీ వైపు పొగాకు బ్యారన్లలో థర్మామీటర్లు ఉంటాయి కదా, అడిగితే ఒకరోజుకు ఇస్తారు. అవి ఫారన్‌హీట్‌లో ఉంటాయి. డిగ్రీలు మార్చే లెక్క పిలకాయలకు ఊరికే వచ్చినట్టే.

రసాయనాల్లో కొని తీరాల్సింది 500 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. 800 మి.లీ. నీళ్లలో 88 మి.లీ. ఆమ్లాన్ని సన్నగా పోసి, లీటరుకు నింపితే సుమారు ఒక మోలార్ ద్రావణం వస్తుంది. ఆమ్లమే నీళ్లలోకి పోయాలి, నీళ్లు ఆమ్లంలోకి పోయకూడదు. ఆ సీసాతో ఐదున్నర లీటర్లు తయారవుతుంది. ఒక్కో ట్యూబుకు 5 మి.లీ. చొప్పున 1,100 సార్లు వాడుకోవచ్చు. అంటే మీ బడికి ఒక సీసా రెండు మూడేళ్లు సరిపోతుంది. బాత్రూములు కడిగే యాసిడ్ చవక అని దాన్ని తెచ్చుకోకండి. పసుపు రంగు ఉందంటే అందులో ఇనుము ఉంది, గాఢత ఎంతో తెలియదు. గాఢ ఆమ్లం సీసాను మైక్రోస్కోపు, త్రాసు, స్టాండులు ఉన్న అలమరాలో పెట్టకండి. మూత ఎంత బిగించినా ఆవిరి వస్తూనే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి ఇనుప సామానంతా తుప్పు పడుతుంది. డబ్బులేక పాడైన ల్యాబులు కొన్నయితే, ఈ ఒక్క సీసా వల్ల పాడైనవి ఇంకొన్ని.

మిగతావి లేబొరేటరీ దుకాణంలోనే కొనాలని లేదు. కాపర్ సల్ఫేట్ అంటే మైలుతుత్తం, ఫెర్రస్ సల్ఫేట్ అంటే అన్నభేది. రెండూ ఎరువుల అంగడిలో దొరుకుతాయి. అమ్మోనియం క్లోరైడు నవసారం. సోడియం కార్బొనేట్ చాకలి సోడా. హైడ్రోజన్ పెరాక్సైడు, అయోడిన్, సర్జికల్ స్పిరిట్ మందుల షాపులో ఉంటాయి. వీటిలో మలినాలు ఉంటాయి. రంగు మారడం, వాయువు రావడం, అవక్షేపం పడడం చూపించడానికి చాలు, తూకం వేసి లెక్కకట్టే ప్రయోగాలకు పనికిరావు. అన్నభేది కొనేటప్పుడు రంగు చూడండి. లేత ఆకుపచ్చగా ఉండాలి. గోధుమ రంగుకి తిరిగిందంటే గాలికి పాడైనట్టే. దాన్ని వేడిచేసి రంగు మార్పు చూపిద్దామంటే ముందే మారిపోయి ఉంటుంది.

జింక్ ముక్కలు 250 గ్రాములు కొనండి. పాతబడితే పైన బూడిద పొర కట్టి, ఆమ్లంలో వేసినా బుడగలు రావు. అప్పుడు కొత్తవి కొననక్కర్లేదు. సజల ఆమ్లంలో నిమిషం ముంచి, కడిగి వాడండి. బుడగలు ఇంకా నెమ్మదిగానే వస్తుంటే రెండు చుక్కల మైలుతుత్తం ద్రావణం వేయండి. జింక్ మీద రాగి పేరుకుని చర్య వేగం పుంజుకుంటుంది. హైడ్రోజన్‌ని మండించేటప్పుడు గొట్టం చివర నేరుగా మంట పెట్టకండి. లోపల గాలి కలిసి ఉంటే ట్యూబే పేలుతుంది. గొట్టాన్ని సబ్బునీళ్లలో ముంచి, పైకి వచ్చిన బుడగను వేరుచేసి దానికి అగ్గిపుల్ల చూపించండి.

సున్నపుతేటకు కిళ్లీ సున్నం, అంటే గుల్ల సున్నం మంచిది. లీటరు సీసాలో ఒక పెద్ద చెంచా వేసి గిలకొట్టి, రాత్రంతా కదలకుండా ఉంచి, పైతేట వంచుకుని బిరడా బిగించాలి. లీటరు నీళ్లలో కరిగే సున్నం రెండు గ్రాముల లోపే. అడుగున మిగిలిన దాంట్లో మళ్లీ నీళ్లు పోసి మూడు నాలుగు సార్లు తేట తీయవచ్చు. గోడలకు వేసే పొడి పాకెట్లు తెస్తే అందులో చాలావరకు సుద్దపొడే ఉంటుంది. ఊదితే పాలలా మారదు, 'మా ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ లేదు' అని పిలకాయలు రాసుకుంటారు. క్లాసుకు ముందురోజు మీరే స్ట్రాతో ఊది చూసుకోండి. మన బోరు నీళ్లు వాడకండి. వాటిలోని బైకార్బొనేట్ సున్నాన్ని ముందే తినేస్తుంది. ఊరి ఆర్వో ప్లాంటు నీళ్లు దీనికి చాలు. క్లోరైడు పరీక్షకు మాత్రం అవి కూడా పనికిరావు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోవాలి.

నీటి విద్యుద్విశ్లేషణలో అందరూ చేసే తప్పు ఉప్పు కలపడం. కరెంటు బాగా పారుతుంది, బుడగలు కూడా వస్తాయి, కానీ ధన ధ్రువం దగ్గర వచ్చేదాంట్లో చాలావరకు క్లోరిన్. ఆక్సిజన్ అని రాసుకుంటే తప్పు నేర్పినట్టే, పైగా ఆ వాసన పిల్లల గొంతుకు మంచిది కాదు. ఉప్పు బదులు చాకలి సోడా కలపండి. ధ్రువాలకు పాత టార్చి సెల్లులోని కార్బన్ కడ్డీలు వాడుకోవచ్చు. జింక్-కార్బన్ సెల్లులనే విప్పాలి. ఆల్కలైన్ అని రాసి ఉంటే లోపల కాస్టిక్ ఉంటుంది, విప్పొద్దు. ఫోను బ్యాటరీలను తాకనే తాకొద్దు. సెల్లులోంచి వచ్చే నల్లపొడిని పారేయకండి. అందులో మాంగనీస్ డయాక్సైడ్ ఉంటుంది, చిటికెడు తీసి హైడ్రోజన్ పెరాక్సైడులో వేస్తే ఆక్సిజన్ వస్తుంది. వాయువులు కచ్చితంగా 2:1 రాకపోతే కంగారుపడకండి. కార్బన్ ధ్రువం ఆక్సిజన్‌ను కొంత పట్టేసుకుంటుంది. ఎందుకు తగ్గిందో అడగండి. పుస్తకంలో లేని ఆ ప్రశ్న దగ్గరే పాఠం బాగా పడుతుంది.

ఓమ్ నియమానికి విడివిడిగా అమ్మీటరు, వోల్టుమీటరు వద్దు. 300 రూపాయల లోపు దొరికే డిజిటల్ మల్టీమీటర్లు నాలుగు కొనండి. రెండేసి చొప్పున రెండు సెట్లు అవుతాయి, జట్లు వంతులవారీగా చేస్తాయి. నైక్రోమ్ తీగ బదులు 100 ఓమ్‌ల, అర వాట్ రెసిస్టరు పెట్టండి. అది ఒకటి రెండు రూపాయల వస్తువు. ఒక సెల్లుకు 15 మిల్లీయాంపియర్లు, రెండుకు 30, మూడుకు 45, నాలుగుకు 60. మీటరులోని 200 మిల్లీయాంపియర్ల పరిధిలోనే ఉంటుంది, ఫ్యూజు పోదు. అదే వంద సెంటీమీటర్ల సన్న నైక్రోమ్ తీగ అయితే 10 ఓమ్‌ల చుట్టూ ఉంటుంది. నాలుగు సెల్లులకు 600 మిల్లీయాంపియర్లు పారి ఫ్యూజు ఎగిరిపోతుంది. పావు వాట్ రెసిస్టరు వద్దు, నాలుగు సెల్లులకు వేడెక్కి రీడింగు మారిపోతుంది. సెల్లుకు 1.5 వోల్టులు అని అనుకుని రాయించకండి, ప్రతిసారీ రెసిస్టరు కొసల మధ్య కొలిపించండి. వాడిన సెల్లు 1.3 కూడా చూపించవచ్చు, అయినా గ్రాఫు సరళరేఖే వస్తుంది. అది చూసి పిల్ల ఓమ్‌ను నమ్ముతుంది.

కటకాలకు కళ్లజోళ్ల షాపులో పాత అద్దాలు అడగండి. +5 పవర్ అంటే నాభ్యంతరం 20 సెం.మీ., +10 అంటే 10 సెం.మీ. కాయిల్ తీగకు మోటారు రీవైండింగ్ షాపు ఉంది, తుక్కుకింద తీసిన రాగి తీగ ఇస్తారు. దానిపై ఎనామిల్ పూత ఉంటుంది. రెండు కొసలూ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దకపోతే కరెంటు పారదు. 'అయస్కాంతం పనిచేయలేదు' అనే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడివే.

వీడియోల మాటకొస్తే, హెడ్మాస్టరు గారు సగం సరిగానే అన్నారు. లెడ్ నైట్రేట్ వేడిచేయడం, నీళ్లలో సోడియం వేయడం లాంటివి గాలి ఆడని గదిలో అసలు చేయొద్దు, ఐఎఫ్‌పీ మీదే చూపించండి. తక్కినవాటికి వీడియో చాలదు. వీడియోలో ప్రయోగం ఎప్పుడూ విఫలం కాదు. బుడగ రాకపోతే ఎందుకు రాలేదో వెతకడం చేత్తో చేసిన పిల్లకే అలవాటవుతుంది. వారానికి ఒక పీరియడు, ఏడు జట్లు, ఒక్క ప్రయోగం. అంతకంటే ఎక్కువ అడగకుండా ఆయన్ని ఒప్పించండి.

ఇక డబ్బు సంగతి. 101 నుంచి 250 మంది ఉన్న బడికి 50 వేలు అన్నది 2018లో సమగ్ర శిక్ష (ఈ గ్రాంటు ఇచ్చే కేంద్ర పథకం) మొదలైనప్పటి స్లాబు. 2021లో పథకాన్ని పొడిగించినప్పుడూ అంతే ఉంచారు. అందులో పదో వంతు స్వచ్ఛతకు పోవాలి. ధరలేమో పెరిగాయి, అంటే పూర్తిగా వచ్చిన ఏడు కూడా విలువలో కొంత కోత పడే వస్తోంది. ఈ పథకంలో మన రాష్ట్రానికి కేంద్రం 60, రాష్ట్రం 40 వాటా. ఒకరి వాటా ఆలస్యమైతే తర్వాతి విడత ఆగుతుంది. 2021 నుంచి బడి ఖాతాలో డబ్బు నిల్వ ఉండదు, ఖర్చుచేసుకునే పరిమితి మాత్రమే కనిపిస్తుంది. మార్చి 31 దాటితే అది పోతుంది. ఫిబ్రవరి నెలాఖర్లో ఇచ్చిన డబ్బు ఖర్చుకాక వెనక్కి పోతే, పై కాగితాల్లో 'బడులు వాడుకోలేదు' అని పడుతుంది. అందుకే తీర్మానం, కొటేషన్లు నవంబరుకల్లా సిద్ధం చేసి ఫైల్లో పెట్టుకోండి. పరిమితి తెరుచుకున్న వారంలో బిల్లు పెట్టగలగాలి.

ఇంతకంటే ముఖ్యం సెప్టెంబరు 30. దేశంలోని బడులన్నిటి వివరాలు ఎక్కించే యూడైస్ ప్లస్‌కు అదే లెక్క తేదీ. సైన్స్ ల్యాబ్ ఉందా, సామాను ఉందా అన్న గడుల్లో మొహమాటంతో, ఇన్‌స్పెక్షన్ భయంతో 'ఉంది' అని పెట్టేస్తుంటారు. ఏటా పథకాల ప్రణాళిక తయారయ్యేది ఈ వివరాల నుంచే. మీరు 'ఉంది' అంటే మీ బడికి లోటు లేదు, కాబట్టి కేటాయింపూ ఉండదు. మీ 11 టెస్ట్‌ట్యూబుల గదిని ల్యాబ్ అని రాయకండి. ఆ ఫారం నింపేది హెడ్మాస్టరు గారైతే, నింపే రోజు పక్కన కూర్చోండి.

విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి. ప్రభుత్వం ఇచ్చే గ్రాంటులకు ఆ ప్రణాళికే ఆధారం కావాలని చట్టంలోనే ఉంది. చాలాచోట్ల నిరుటిది దించి సంతకాలు పెడతారు. మీరు అంకెలతో రాయించండి: టెస్ట్‌ట్యూబులు కావాల్సినవి 60, ఉన్నవి 11, నిరుడు పాఠ్యపుస్తకంలోని ప్రయోగాల్లో చేయించినవి ఎన్ని, సామాను లేక వదిలేసినవి ఎన్ని, వాటి పేర్లు. యుటిలైజేషన్ సర్టిఫికెట్లో ఖర్చయిన మొత్తమే చూపించి, కొనలేకపోయిన వాటి జాబితా వేరే కాగితం మీద జతచేసి, ఎంఈవో ఆఫీసులోనూ సమగ్ర శిక్ష జిల్లా కార్యాలయంలోనూ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మిగతా సగం ఎందుకు రాలేదో కమిటీలోని తల్లిదండ్రులెవరైనా సమాచార హక్కు కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. టార్చి సెల్లు కడ్డీలతో, కిళ్లీ సున్నంతో మీరు నెట్టుకొచ్చిన సంగతి ఈ కాగితాల్లో లేకపోతే, సగం గ్రాంటే సరిపోయిందని వచ్చే ఏడు లెక్క.

చందాల విషయంలో డబ్బు తీసుకోవద్దు. వస్తువు ఇస్తామంటే తీసుకుని, అదేరోజు స్టాక్ రిజిస్టరులో 'దాత ఇచ్చినది' అని ఎక్కించండి. ప్రభుత్వ గ్రాంటుతో కొన్నదీ, ఊరు ఇచ్చిందీ కలిసిపోకూడదు. నీటి పరీక్షకు అయితే ఎవర్నీ ఏమీ అడగనక్కర్లేదు. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లకు నీటి పరీక్ష కిట్లు ఇచ్చి, ఊరికి ఐదుగురు మహిళలకు శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంది. గ్రామ సచివాలయంలో అడిగి, వాళ్లలో ఒకరిని తరగతికి పిలవండి. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు. పడమటి ప్రకాశంలో ఫ్లోరైడుతో ఎముకలు వంగిన పెద్దవాళ్లను చూసిన పిలకాయలకు ఆ అంకె ఊరికే పోదు.

అంతటా ఇంతేనా అన్నారు. ఒకే తీరుగా కాదు గానీ, చాలాచోట్ల ఉంది. సమగ్ర శిక్షకు 2020-21 కేంద్ర బడ్జెట్లో 38,751 కోట్లు పెట్టి, మరుసటి ఏడు 31,050 కోట్లకు దించారు. 2025-26కు 41,250 కోట్లు అయింది. అంకె పెరిగినట్టే, ఐదేళ్ల ధరలు తీసేస్తే పెరగలేదు. పదో తరగతి పిల్లలకు స్కాలర్‌షిప్పు ఇచ్చే ఎన్‌టీఎస్‌ఈ పరీక్ష 2021 తర్వాత ఆగిపోయింది. సైన్స్ చదివేవాళ్లకు ఇచ్చే కేవీపీవై ఫెలోషిప్పును 2022లో ఆపేశారు. ప్రాంతీయ భాషల్లో సైన్స్ పుస్తకాలు వేసిన విజ్ఞాన్ ప్రసార్ సంస్థ 2023లో మూతపడింది. అమెరికాలో 2025లో జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధుల్లో సగానికి పైగా కోయాలని ప్రభుత్వం ప్రతిపాదించింది. అంత కోతకు అక్కడి కాంగ్రెస్ ఒప్పుకోలేదు. అయితే ఈలోపే కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, కొన్ని ఇచ్చిన సీట్లను వెనక్కి తీసుకున్నాయి. డబ్బు తర్వాత వచ్చినా ఆ ఏడు పోయిన సీటు పోయినట్టే. ఆలస్యం కూడా కోతేనని మేం అనేది అందుకే. నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన నెల్లూరు మసూరి, ఎన్.ఎల్.ఆర్. 34449, మీ ఇళ్లలో తినే ఉంటారు. అలాంటి ఒక వరి రకం తేవాలంటే పదేళ్ల పైమాటే. మధ్యలో ఒక సీజను నాట్లకు డబ్బు ఆగితే, వచ్చే ఏడు రెట్టింపు ఇచ్చినా ఆ సీజను తిరిగి రాదు. మీ పదో తరగతి 28 మంది విషయంలో ఫిబ్రవరి గ్రాంటు చేసిందీ అదే.

ఆ ఎనిమిదో తరగతి అమ్మాయికి రెండు దారులున్నాయి. ఒకటి ఇన్‌స్పైర్ మానక్, పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే అవార్డు. బడి నుంచి ఐదుగురి ఆలోచనలు ఆన్‌లైన్‌లో పంపవచ్చు, ఎంపికైతే నమూనా చేయడానికి 10 వేలు పిల్ల ఖాతాలోనే పడతాయి. ఇంటర్నెట్‌లో దొరికే 'ఆటోమేటిక్ వీధి దీపం' లాంటివి పంపితే పక్కన పడేస్తారు. తన ఇంట్లో, పొలంలో కనిపించిన ఇబ్బందిని తన మాటల్లో రాయించండి, భాష మీరు దిద్దకండి.

రెండోది ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్పు, ఆ అమ్మాయికి ఇదే ముఖ్యం. ఎనిమిదిలో పరీక్ష, మెంటల్ ఎబిలిటీ 90 మార్కులు, సబ్జెక్టులు 90. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు వరకు ఏటా 12 వేలు, మొత్తం 48 వేలు. ఏడో తరగతిలో 55 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికయ్యాక డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో ప్రతి ఏడూ రెన్యువల్ చేయాలి, ఒక్క ఏడు మరిచినా ఆ ఏటి డబ్బు పోతుంది. పదిలో 60 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు 55. పది అయ్యాక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరితే స్కాలర్‌షిప్పు అక్కడితో ఆగుతుంది, భోజనం, వసతి ఇచ్చే ప్రభుత్వ రెసిడెన్షియల్‌కు మారినా ఆగుతుంది. ఈ మాట పదో తరగతి ఫలితాల రోజున కాకుండా, దరఖాస్తు మీద సంతకం పెట్టే రోజునే వాళ్లమ్మానాన్నలకు చెప్పండి.